పూజారుల బలం మూడు

శనివారం తెల్లారితే చాలు, ఆర్లెన్ కాగితాలు ముందేసుకుని కూర్చుంటాడు. మధ్యాహ్నం చర్చి కింది గదిలో నలుగురు స్నేహితులు పాచికలు పట్టుకుని, వీరుల పాత్రలు కట్టి ఆడతారు. వాళ్లు తిరిగే మాయాలోకాన్ని అల్లేవాడు అతనే. అందులో ఎవరి బలం ఎంతో పెన్సిలుతో రాస్తాడు, చెరుపుతాడు, రబ్బరు పొట్టు ఊదుతాడు, మళ్లీ రాస్తాడు. ఒకప్పుడు మొహమాటపడి ఎవరికో మహాఖడ్గం ఇచ్చేశాడు. ఆ తరవాత డ్రాగన్‌ని చూసినా ఎవరూ జడవక, ఆట చప్పబడి, ఆ జట్టే చెదిరిపోయింది. అందుకే ఈ లోకంలో పూజారుల బలం మూడే. గాయాలు మాన్పగలరు, అంతే.

కానీ భర్త పోయిన నెలకి వెర్నా ఇవాళ మళ్లీ ఆటకొస్తోంది. ఆమె ముందు ఆటలోనైనా ఒకరిని ఎలా చంపడం? మూడు రోజులు గుంజాటన పడి, మూడుని తొమ్మిది చేశాడు. బలం తొమ్మిదైతే పూజారులు చచ్చినవాళ్లని కూడా పిలిచి లేపగలరు.

వెర్నా చీజు ముక్కల డబ్బా బల్లమీద పెట్టి, కాగితం తిప్పి చూసింది. “ఇదెప్పుడు మార్చావు?”

“నీకు కాస్త తేలిగ్గా ఉంటుందని...” నసిగాడు ఆర్లెన్.

“తేలికా, నా మొహమా! ఇక్కడ పిలిస్తే లేచొస్తారా? మా గస్‌ని నేనెంత పిలిచాను!”

రబ్బరు లాక్కుని తొమ్మిదిని తనే చెరిపేసింది. అచ్చం అతనిలాగే పొట్టు ఊదింది.

“మూడే ఉంచు. ఊఁ, కానీ, మమ్మల్ని భయపెట్టు.”