అమీర్‌పేటలో పంటు

కంప్యూటర్ చెప్పే దారికి గోదారంటే లెక్కలేదు. "నేరుగా ఒక కిలోమీటరు వెళ్లండి" అంటుంది. పాపం డ్రైవరు నేరుగా వెళ్లి రేవులో నిలబడతాడు. అలాంటి చోట్లను పట్టుకుని "ఇక్కడ కారును పంటు ఎక్కించి నది దాటాలి" అన్న మాట చేర్చడమే పంజాగుట్టలో నా మొదటి ఉద్యోగం.

ఆర్నెల్లు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. నేనేమో రెండో నెలలోనే పర్మనెంటు అయిపోయానని అమ్మకు చెప్పేశాను. ఆవిడ వీధంతా సున్నుండలు పంచింది. ఇప్పుడు ఉద్యోగం పోతే ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగను?

మాది కోనసీమ. పంటు మీద ఏరు దాటి బడికెళ్లినవాణ్ణి, దాన్ని పట్టుకోవడం నాకో లెక్కా అనుకున్నాను. డ్రైవర్ల ఫోన్లు పంపే జాడల్లో కారు మలుపుల్లేకుండా తిన్నగా, మనిషి నడకకన్నా నెమ్మదిగా సాగితే అది పంటే. అంత నెమ్మదిగా ఇంకేం పోతుంది? ఆ మాటే ప్రోగ్రాములో రాశాను.

గడువు ముగిసే రోజు పొద్దున పదిన్నరకు మేనేజర్ మేడమ్ నా పక్కన కూర్చుని, అమీర్‌పేట నుంచి మా ఆఫీసుకు దారి అడిగింది. ఆవిడ ఈ ఊరి మనిషే. తెర మీద వచ్చింది: "ఇక్కడ కారును పంటు ఎక్కించి నది దాటాలి."

"ఏంది తమ్మీ, గీ అమీర్‌పేట్ల గోదారి ఎప్పుడొచ్చింది?"

గదంతా నవ్వు. నాకు మాత్రం సున్నుండలే కళ్లముందు మెదిలాయి.

"నువ్వు ఆఫీసుకు ఎట్లొస్తవ్?"

"మధురానగర్ నుంచి మెట్రోలో మేడమ్."

"అందుకే. జర కిందికి దిగి చూడు. సాయంత్రం దాకా టైమిస్తున్న."

వెళ్లి చూశాను. కార్లు కదలడం లేదు. పది అడుగులకో సందు, ప్రతి సందులోకీ దూరిపోయే బండి. అప్పుడు వెలిగింది. ఏటి మధ్యలో పక్క సందులుండవు కదా! పరుగున వచ్చి అది ప్రోగ్రాముకు నేర్పాను. ఫ్లైఓవర్ ఒక్కటే మొండికేసింది, దానికి సందులూ లేవు, కదలికా లేదు. కింద నీళ్లున్నాయో లేదో మ్యాపును అడగమన్నాకే దారికొచ్చింది.

సాయంత్రం మేడమ్ అమీర్‌పేట దారి మళ్లీ అడిగింది. పంటు లేదు. మా ఊరి దారి అడిగింది. సరిగ్గా మా రేవులోనే పంటు ఎక్కమంది.

"మస్తుగుంది. పర్మనెంటు చేస్తున్న, పో."

ఒళ్లు తెలియని సంతోషంతో ఆఫీసు మెట్ల మీదే కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను.

"అమ్మా, పర్మనెంటయ్యాను!"



"మరి అప్పుడు పంచిన సున్నుండలు దేనికిరా?"