సాగనంపే రాగం

మోరి ఊదడంలో సుక్రును మించినవాడు అరకు కొండల్లో లేడని అందరూ అనేవారు. అందరికంటే ముందు సుక్రే అనేవాడు. అతను ఆ బూర నోట పెట్టాకే ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆటకు కదిలేవారు. పెళ్లయినా, చైత్ర పండగైనా అంతే.

తొంభైల్లో ఊళ్లోకి టేపురికార్డర్లు వచ్చాక అతనికి దిగులు పట్టుకుంది. కుర్రకారంతా సినిమా పాటల వెనక పడ్డారు. ఇంట్లో మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలో పాడమంటే సిగ్గుపడేవారు. "మన బాసలో పాడితే నోరు పడిపోద్దేట్రా?" అని సంతలో కనబడిన ప్రతి గుంటడినీ సుక్రు తిట్టేవాడు.

చివరికి ఒకడు పాడాడు. అదే ఊరి సైలస్. చిన్నప్పటినుంచి హాస్టల్లో చదివి, చర్చిలో కీబోర్డు నేర్చిన కుర్రాడు. విశాఖపట్నం వెళ్లి, కీబోర్డు దరువు మీద తమ భాషలో పాటలు పాడి క్యాసెట్ పట్టుకొచ్చాడు. ఇంకేముంది, కాఫీ తోటల్లో కుర్ర గుంటల నోట అవే పాటలు, జీపుల్లో అవే పాటలు. సినిమా పాట అడిగే నాథుడు లేడు.

సుక్రు సంతోషించాలి కదా? ఇన్నేళ్లూ మొత్తుకున్నది ఇందుకే కదా? కానీ అతని కడుపులో కుంపటి రాజుకుంది. కోరిక తీరింది గాని, తీర్చింది తను కాదు. దాన్ని అసూయ అనక మరేమంటారు? పెళ్లివాళ్లు మోరిని మానేసి సైలస్ కీబోర్డును పిలవడం మొదలెట్టాక అతనికి ముద్ద దిగలేదు.

అలా ఉడికిపోతున్న రోజుల్లోనే సైలస్ గుమ్మంలోకి వచ్చాడు.

"మావా, కొత్త పాటకి పాతకాలం రాగం ఒకటి కావాల. నీకు తప్ప ఎవలికీ తెల్దంట. నేర్పుతావేటి?"

ఆ మాటకు ఇంకొకడైతే కరిగేవాడే. సుక్రు మోరి తీసి, చనిపోయినవాళ్ల దినం రోజున ఊదే రాగం నేర్పాడు. ఆ రాగం విన్నాకే పోయినవాళ్లు పెద్దల్లో కలుస్తారని ఊరి నమ్మకం. సైలస్ వాళ్లు తాతల నాడే చర్చిలో చేరారు, ఎవరి దినానికీ రారు. అది చావు రాగమని ఆ పిల్లవాడికి తెలిసే దారే లేదు. ఆ సంగతి సుక్రుకు బాగా తెలుసు. పెళ్లిలో ఇది మోగితే పెద్దలు వాణ్ని ఊరి పొలిమేర దాకా తరుముతారని అతని ఆశ.

సైలస్ వెళ్లగానే సుక్రు భార్య గంగ నిలదీసింది. "ఏటి సేత్తన్నావు నువ్వు? ఆ గుంటడు నీకేటి అన్నేయం సేసినాడు? బేగెల్లి నిజం సెప్పు."

"ఎల్తాన్లే" అన్నాడు. వెళ్లలేదు.

సైలస్ ఆ రాగాన్ని పరుగెత్తించి, సంతలో ఎదురుచూసే పిల్ల మీద పాట కట్టాడు. మొదటి పెళ్లిలో అది మోగగానే పెద్దలు మొహాలు చూసుకున్నారు. ఒక ముసలామె విసురుగా లేచి వెళ్లిపోయింది. సుక్రు ప్రాణం లేచొచ్చింది. కానీ గుంటలు అప్పటికే ఆటలో ఉన్నారు, వాళ్లనెవరు ఆపుతారు? ఏడాది తిరిగేసరికి ఆ ముసలామే వాళ్ల వరసలో కలిసింది. సైలస్ పాటలన్నింటిలో అదే కొండలు దాటి ఒడిశా దాకా పాకింది. అది తను నేర్పిన రాగమని సుక్రు నోరు విప్పడానికి లేదు. విప్పితే చేసిన పాడుపని బయటపడుతుంది. అంతకంటే నరకం ఉంటుందా?

రెండేళ్ల తర్వాత వానాకాలం జ్వరాల్లో గంగ పోయింది.

దినం రోజున చుట్టాలంతా వాకిట్లో కూర్చున్నారు. సుక్రు మోరి ఎత్తి మొదటి వరస ఊదాడో లేదో, పక్కన ఆడుకుంటున్న పిల్లలు సంతలో పిల్ల పాట అందుకున్నారు. మనవరాలు చిట్టి నడుం తిప్పుకుంటూ మధ్యలోకి వచ్చింది. తల్లి ఒకటంటించి లాగితే అది బిక్కమొహం వేసింది.

"తాత సైలసన్న పాటే ఊత్తన్నాడు గదా అమ్మా!"

పెద్దవాళ్లు తలలు దించుకున్నారు. దించుకున్నా కొందరి పాదాలు ఆగలేదు. ఆపేస్తే గంగ పెద్దల్లో కలవదు. ఊదితే పిల్లలు ఆడతారు. సుక్రు కళ్లు మూసుకుని ఊదుతూనే ఉన్నాడు. పిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు.