సూర్యకళ మానేసిన మాత్రలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సూర్యకళ కత్తిపీట ముందు కూర్చుంటే, ఎంత పెద్ద కోనాం చేప అయినా మారుమాట లేకుండా ముక్కలైపోతుందని పేరు. మనిషి మొండి. తలపోటు వస్తే నుదుటికి శొంఠి పట్టు వేసుకుని పనిలో కూర్చునేదే కానీ, ఆస్పత్రి గడప తొక్కేది కాదు. చెల్లెలు చిలకమ్మ రెక్క పట్టుకుని లాక్కెళ్తే అప్పుడు బయటపడింది, మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి ఉందని.

పగలకముందే దొరకడం అదృష్టమన్నాడు డాక్టరు. తల కోయకుండా, తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, ఆ ఉబ్బు దగ్గర స్టెంటు పెట్టాడు. "రక్తం పలచబడే మాత్రలు ఇస్తున్నాను. నేను చెప్పేదాకా ఒక్క పూట కూడా మానకూడదమ్మా" అని గట్టిగా చెప్పాడు. ఇలాంటివి తోబుట్టువుల్లోనూ ఉండొచ్చని చిలకమ్మకీ స్కానింగ్ తీశారు. ఆమెకూ ఉంది, అక్కదానికంటే పెద్దది.

చిలకమ్మకి భయం. "నువ్వు బాగుంతే సూసి, అప్పుడు నానూ ఏయించుకుంతానక్కా" అంది. ఆ రోజు నుంచి చెల్లెలి ముందు బాగుండటమే సూర్యకళకి పెద్ద పనైపోయింది.

చేపలు కోసే చేతికి గాట్లు కొత్త కాదు. ఇదివరకు పసుపు అద్దితే ఆగేవి. ఇప్పుడు మాత్రల వల్ల రక్తం ఓ పట్టాన ఆగేది కాదు. బేరానికి వచ్చినవాళ్లు మొహం తిప్పుకున్నారు. పక్క పీట ముందున్న చిలకమ్మ చూసి వణికింది. "ఇదేటక్కా, రగతం ఇలా కారతన్నాది? నాకొద్దే తల్లీ, నాను ఏయించుకోను."

"ఓసి పిరికిదానా! కత్తి కొత్తది, అంతే" అని కసిరింది సూర్యకళ. మర్నాటి నుంచి మాత్రలు మానేసింది. వేసవిలో వేట నిషేధం వస్తుంది, బోట్లు కదలవు, కత్తితో పనుండదు, అప్పుడు మళ్లీ వేసుకుందాంలే అనుకుంది. సముద్రానికి సెలవులున్నట్టు జబ్బుకీ ఉంటాయనుకుంది, పిచ్చిది! గాట్లు ఎండాయి. "సూసావా, ఎలాగున్నానో" అంటే చిలకమ్మ నవ్వింది. ఆస్పత్రిలో చేరే రోజు కూడా ఖాయం చేసుకుంది.

ఆ రోజు రాకముందే, చేప కోస్తూ కోస్తూ సూర్యకళ కుడిచెయ్యి వాలిపోయింది. మూతి వంకరపోయింది.

స్టెంటులో రక్తం గడ్డకట్టిందన్నాడు డాక్టరు. "మాత్రలు గానీ మానేసిందా?"

"ఒట్టండీ, రోజూ ఏసుకుంతన్నాది. నాతో సెప్పింది" అని ఏడ్చింది చిలకమ్మ. "అన్నీ సక్కగా ఏసుకున్నా ఇలాగయితే, నాకెందుకండీ అది? పోతే పోతాను గానీ, నాకొద్దు."

మంచం మీద సూర్యకళకి అన్నీ వినబడుతున్నాయి. మానేశానే, తప్పు నాదే, నువ్వు వేయించుకోవే అని లోపల గుండె పగిలేలా అరుస్తోంది. నాలుక మాత్రం కదలడం లేదు. ఎడమచేత్తో చెల్లెలి చీర పట్టుకుంది. అలా అనొద్దే అన్నట్టు తల అడ్డంగా ఊపింది, మళ్లీ మళ్లీ ఊపింది.

చిలకమ్మ ఆ చెయ్యి విడిపించి నిమిరింది. "నువ్వూ వద్దంతన్నావు గదా అక్కా. నీ మాట నానెప్పుడు కాదన్నాను?" అంది.