ఏమీ అడగని సాఫ్ట్‌వేర్

మావారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ ఆదివారం మా నాచారం ఇంటి ముందుగదిలో కంప్యూటర్ ఎదురుగా కూర్చుని, పక్కనే ఉన్న నాకు కూడా సరిగ్గా వినపడనంత మెల్లగా, "కొనుక్కున్న వస్తువు వాడుకోవడానికి కూడా పర్మిషన్ అడుక్కోవాలా?" అన్నారు. అంటే ఒళ్ళు మండిపోతోందన్నమాట. తెర మీద చిన్న గడి ఒకటి తెరుచుకుని, ముందు ఇంటర్నెట్ ద్వారా ఆక్టివేట్ చేసుకుంటేనే పని జరుగుతుందంటోంది. మా ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అసలు ఫోనే లేదు, దరఖాస్తు పెట్టి కూర్చున్నాం.

ఇంతకీ ఈ అవస్థంతా ఒక పాట కోసం.

మా గల్లీ చివరి ఇంట్లో జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. కొడుకు దగ్గర్లోనే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతని తల్లిని గల్లీ మొత్తం పెద్దమ్మ అనేవాళ్ళం. మేం మావారి ల్యాబ్ ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం, బతుకమ్మ అంటే పూలు పేర్చి చుట్టూ తిరుగుతారన్న సంగతి తప్ప నాకేమీ తెలియదు. మొదటి ఏడాది గేటు దగ్గర నిలబడి చూస్తుంటే పెద్దమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "ఏందమ్మా, సినిమా సూసినట్టు సూస్తున్నవ్? చప్పట్లు కొట్టొస్తది గదా, రా!" అని లాక్కెళ్ళి ఆడవాళ్ళ మధ్యలో పడేసింది. ఆమె ఒక చరణం చెప్పేది, మేమందరం అదే చరణం తిరిగి అనేవాళ్ళం. మేం అంటున్నంతసేపూ ఎవరు సరిగా అంటున్నారో, ఎవరు పెదవులు ఊరికే ఆడిస్తున్నారో చూసేది. నేను రెండో రకమని మొదటి రోజే కనిపెట్టేసింది. అయినా మర్నాడు మళ్ళీ పిలవడానికి వచ్చింది. కొత్త ఊళ్ళో నాకు దొరికిన మొదటి చుట్టం ఆమే.

ఆ పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. దవాఖానాలో చాన్నాళ్ళు ఉన్నాక కాలు కొంత కదిలింది, మాట మాత్రం రాలేదు. ఏం చెప్పబోయినా "గదే... గదే" అనే ఒక్క మాటే వచ్చేది. నీళ్ళు కావాలన్నా గదే, ఫ్యాన్ ఆపమన్నా గదే. మనం చెప్పేదంతా తెలుస్తుంది, తను చెప్పేది ఎవరికీ తెలియదు. బతుకమ్మ పండక్కి పిలవడానికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది. ఆడబిడ్డ అడవి దాటి పుట్టింటికి బయల్దేరే పొడుగు పాట ఒకటి ఆమెకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఆ ఏడాది పాటలో అడవి మధ్యలోనే ఆగిపోయి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని ఇళ్ళకు వచ్చేశాం. మరుసటి ఏడు పిల్లలు సౌండ్ బాక్సు తెచ్చి సినిమా పాటలు వేశారు. ఆ చప్పుడు వింటూ పెద్దమ్మ అన్నం కూడా ముట్టలేదట.

ఆ తర్వాత ఒకరోజు పెద్దమ్మ కోడలు మా ఇంటికొచ్చింది. చీర కొంగులో ఒక వీడియో క్యాసెట్ దాచుకుని తెచ్చింది. "అక్కా, గప్పట్ల మన గల్లీ బతుకమ్మ వీడియో తీసిన్రు గదా. అండ్ల మా అత్త పాట మొత్తం ఉన్నది. ఉప్పల్ల వీడియో షాపుకు తీస్కపోతే బూజు పట్టింది, మా మిషన్ ఖరాబైతదన్నరు. సారుకు చెప్పి జర సీడీ జేపియ్యరాదే. నీ పాటనే పెడుతున్నమంటే బయటికొస్తదేమో. గిట్లనే గోడకు మొఖం బెట్టుకోని పంటే మనిషి మనకు దక్కదక్కా" అంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మావారికి మాత్రం ఉత్సాహం వచ్చింది. ఆయన అంతే, చేతికి ఒక చెడిపోయిన వస్తువు ఇస్తే చాలు.

బోడుప్పల్‌లో ఉండే తన ల్యాబ్ మిత్రుణ్ణి ఒప్పించి పాత వీసీఆర్ తెచ్చారు. మెత్తటి గుడ్డతో టేపును జానెడు జానెడు తుడిచారు. టేపు మీది బొమ్మను కంప్యూటర్‌లోకి పంపే కార్డు ఒకటి బిగించారు. క్యాసెట్ తెల్లగీతలు కక్కుతూనే చివరిదాకా ఆడింది, ఆ తర్వాత లోపలే తెగిపోయింది. పాట కంప్యూటర్‌లోకైతే వచ్చి పడింది. కానీ వచ్చిపడితే సరిపోదట. దాన్ని సీడీ ప్లేయర్‌కు అర్థమయ్యే పద్ధతిలోకి మార్చాలట. ఎన్‌కోడింగ్ అంటారని ఆయన నాకు పాఠం చెప్పారు. కార్డుతో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ అన్నీ చేయనిచ్చి, ఆ ఆఖరి పని దగ్గర ఆక్టివేషన్ అడిగింది. వంటంతా అయ్యాక విస్తరి లాక్కున్నట్టు.

మర్నాడు కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, స్కూటర్ మీద నా ఒళ్ళో పెట్టి, ఉప్పల్ చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళారు. గుంతల్లో స్కూటర్ కుదిపినప్పుడల్లా "జాగ్రత్త, జాగ్రత్త" అని వెనక్కి తిరిగి అరుస్తున్నారు. నా గురించి కాదు. తీరా వెళితే సెంటర్ ఆయన గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు. "సార్, మీ డబ్బకు ఏం వైరస్ ఉన్నదో ఏమో. మా లైన్‌కు తగిలిస్తే నా డబ్బలన్నీ పోతయ్. పెట్టనియ్య."

"పోనీ మీ కంప్యూటర్‌లో ఈ నంబరు కొడితే?" అని మావారు బతిమాలారు.

"గట్ల కాదు సార్, ఏ డబ్బల ఉన్నదో గా డబ్బలనే కొట్టాలె" అన్నాడతను. అదీ నిజమే. దుప్పటి, డబ్బా, నేను మళ్ళీ నాచారం చేరాం.

బోడుప్పల్ మిత్రుడైతే పకపకా నవ్వాడు. తాళం పగలగొట్టే చిన్న ప్రోగ్రాం తన దగ్గర ఉందనీ, నిమిషంలో పనైపోతుందనీ అన్నాడు. మావారు ససేమిరా అన్నారు. "పెద్దమ్మ పాటను దొంగతాళంతో బయటికి తియ్యను" అని భీష్మించుకున్నారు. పండగ దగ్గర పడుతోంది, ఈయనకు ధర్మసందేహాలా అని నాకు తిక్క పుట్టింది. రెండు రోజులు కూరలో ఉప్పు తగ్గించి వండాను. ఆయన మారలేదు, అడిగి మరీ ఉప్పు వేసుకున్నారు.

అప్పట్నుంచి నెట్ అక్కర్లేని సాఫ్ట్‌వేర్ కోసం వేట మొదలైంది. ఉప్పల్ బస్టాపు దగ్గర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మే ఆయన దగ్గర కంప్యూటర్ పత్రికలు దొరికేవి. వాటి అట్టకు సీడీ అంటించి ఉండేది. ఆఫీసు నుంచి వస్తూ మావారు రోజూ ఒకటి తెచ్చేవారు. ఒక సాఫ్ట్‌వేర్ బాగానే మార్చింది కానీ పెద్దమ్మ మొహానికి అడ్డంగా తన పేరు ముద్ర కొట్టింది. ఒకటి కాస్త దూరం పోయి, మిగతాది కొనుక్కుంటేనే అంది. ఒకటి ఏ దేశపు భాషో కూడా మాకు తెలియలేదు. కోడలు రోజూ సాయంత్రం గేటు దగ్గరికొచ్చి, నోటితో అడగకుండా కళ్ళతోనే అడిగి వెళ్ళేది.

ఒకరోజు నేను దోసెలు పోస్తుంటే ఆయన వంటింట్లోకి పరుగెత్తుకొచ్చారు. "ఏమీ అడగలేదు!" అన్నారు. పేరడగలేదు, నంబరడగలేదు, నెట్ అడగలేదు. ఎవరో తయారుచేసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలిపెట్టిన ప్రోగ్రాం అట. వెళ్ళి చూస్తే తెర మీద బూడిదరంగు కిటికీ ఒకటి, రెండు బటన్లు. అంతే. ఆ దిక్కుమాలిన కిటికీని చూసి ఆయన ముఖం వెలిగిపోతుంటే, మా పెళ్ళిపీటల మీద కూడా ఇంత వెలుగు లేదే అనుకున్నాను. పైకే అన్నాను కూడా. దోసె మాడింది.

కానీ పాట ఒక సీడీకి ఎక్కువైంది. రెండు సీడీలు చేస్తే మధ్యలో మార్చేటప్పుడు ఆట ఆగిపోతుందని మావారి బెంగ. "ఎడిట్ చేసి ఒక్కదాంట్లో పట్టిస్తాను, నువ్వు వదిలెయ్" అన్నారు. సెలవు పెట్టి మరీ, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం కూర్చున్నారు. కరెంటు పోయినప్పుడల్లా మొదటికొచ్చేది. అయినా విసుక్కోలేదు. గీతలు తుడుస్తున్నారేమో అనుకుని టీ ఇచ్చి నా పని నేను చూసుకున్నాను. ముందుగా ఎవరికీ చూపించనన్నారు, పండగనాడే చూడాలన్నారు.

పండగ సాయంత్రం గల్లీ చివర ఖాళీ ప్లాటులో బల్ల వేసి, మా టీవీ, మా సీడీ ప్లేయర్ పెట్టాం. బతుకమ్మలు మధ్యలో దించారు. కోడలు పెద్దమ్మను చెయ్యి పట్టి నడిపించుకుంటూ తెచ్చింది. గుమ్మం దాటడానికి చాలాసేపు మొరాయించిందట, నీ పాటే వస్తదని ఒట్టు వేశాక కదిలిందట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఎవరి వంకా చూడలేదు.

టీవీలో పెద్దమ్మ కనపడింది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతూ, నల్లటి జుట్టుతో. మొదటి చరణం చెప్పింది. మేం తిరిగి అనబోయేలోపల రెండోది చెప్పేసింది. అది అందుకోబోతే మూడోది. చరణానికో చోట ప్రత్యక్షమవుతూ, గుక్క తిప్పుకోకుండా పాడుకుంటూ పోతోంది. మా చప్పట్లు చెదిరిపోయాయి, ఒకళ్ళ కాళ్ళ మీద ఒకళ్ళం అడుగులు వేసుకున్నాం. "గిదేం పాటనే, ఉరికిస్తున్నది!" అని ఎవరో అరిచారు.

మావారు టీవీ పక్కనుంచి, "అన్నదే మళ్ళీ మళ్ళీ అంటున్నారు కదండీ. ఆ రిపీట్లన్నీ తీసేశాను, సీడీలో పట్టాలని" అన్నారు.

కోడలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో సారూ! మేం అనేదే తీసేసిన్రా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన ముఖం చూస్తే జాలేసింది. ఎన్ని రోజుల కష్టం! కానీ పెద్దమ్మ వంక చూసేసరికి నాకు భయం పట్టుకుంది. ముఖం కందగడ్డలా అయింది. ఎడం చేత్తో కుర్చీ మీద కొడుతూ "గదే! గదే! గదే!" అంటోంది. ఇక ఈ మనిషి మళ్ళీ బయటికి రాదు అనుకున్నాను. "ఊకో అత్తా, బందు జేస్తం" అని కోడలు భుజాలు పట్టుకుంది. మావారు టీవీ కట్టేశారు.

పెద్దమ్మ కొట్టడం మానలేదు. కొడుతుండగా ఆ దెబ్బలు సర్దుకుని చప్పట్ల వరసలోకి వచ్చాయి. ముందు రాగం వచ్చింది, మూసిన పెదవుల వెనకనుంచి. తర్వాత నోరు ఒక పక్కకు లాగుతున్నా చరణం వచ్చింది, మాటలతో సహా, చివరి ఉయ్యాలోతో సహా. మాట పోయినవాళ్ళలో కొందరికి పాట మిగులుతుందని ఎవరో డాక్టర్ చెప్పగా తర్వాతెప్పుడో విన్నాం. ఆ సాయంత్రం మాకేం తెలుసు? నీళ్ళు కావాలని కూడా అడగలేని మనిషి పాడింది, అంతే తెలుసు. కోడలు కింద కూలబడి ఏడ్చింది.

పెద్దమ్మ రెండో చరణానికి వెళ్ళలేదు. మా మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూసింది. నన్ను ఇంకాస్త ఎక్కువసేపు చూసింది. ఎవరం కదలకపోయేసరికి ఎడం చెయ్యి మా వైపు విసురుగా ఊపింది, అనరేం అన్నట్టు.

అప్పుడు అన్నాం. సగంమందిమి ఏడుస్తూనే అన్నాం, సరిగ్గా రాలేదు. ఆమె తల అడ్డంగా ఊపి, అదే చరణం మళ్ళీ మొదటినుంచి చెప్పింది.