సదానందం జీపు నీళ్లెటు పోతున్నయ్?

మా సదానందం కలిసినోళ్లను బాగున్నవా అని అడుగడు. "నీళ్లు చూసుకున్నవా?" అని అడుగుతడు. అంటే మీ బండి రేడియేటర్ల నీళ్లున్నయా అని. మీకు బండి లేకపోయినా అడుగుతడు. అడుక్కుంటనే మండచెయ్యి తీస్కపోయి దగ్గర ఏది కనిపిస్తే దాని మీద పెడ్తడు, జరమొచ్చిన పిల్లగాని నుదురు ముట్టినట్టు. బానెట్ అయితే బానెట్, బియ్యం గిన్నె అయితే బియ్యం గిన్నె. ముట్టి, కండ్లు మూసుకొని, "జర వేడున్నది" అంటడు.

మా కాలనీ పిలగాడు ప్రేమ్‌సాగర్ పెండ్లిల అక్షింతలు ఎయ్యనీకి మెట్లెక్కి, పెండ్లికొడుకు నుదురు మీద చెయ్యి పెట్టిండు.

"జర వేడున్నది. నీళ్లు చూసుకున్నవా?"

"పెండ్లి వేడి మామా" అన్నడు పిలగాడు.

"ఏ వేడైనా వేడే బిడ్డా. వేడి ముల్లు ఎర్రగీత దాటకముందే ఆగాలె."

పంతులు నవ్వుతాంటె మంత్రం ఆగిపాయె. మళ్ల మొదటి నుంచి చదివిండు. ఆ పిలగానికి రెండుసార్లు పెండ్లి అయినట్టే.

శ్రీరాంపూర్ బొగ్గుబాయి కాలనీల మాదీ ఆయనదీ గోడకు గోడ. నాకు నాలుగో తరగతి దాకనే సదువు. పక్కింట్ల ఏం జరుగుతున్నదో తెల్సుకునేదానికి ఐదో తరగతి అక్కెరలేదు గదా, అందుకే ఆడికే ఆపిన. సదానందం ముప్పై రెండేండ్లు బాయిల పంపు నడిపిండు. భూమి కడుపుల ఊరే నీళ్లను పొద్దుమాపు బైటికి తోడుడే పని. రిటైరైన నెలకే ముసలి నీలి జీపు ఒకటి కొన్నడు. దాన్ల నీళ్లు పోసుడు వట్టుకున్నడు.

"ఇన్నేండ్లు తోడి తోడి అలిసిపోలేదా తమ్మీ?" అన్న నేను.

"తోడినయ్ తిరిగి అప్పజెప్పాలె గదక్కా" అన్నడు.

మొదట్ల జీపు నిజంగనే వేడెక్కేది, అబద్ధమెందుకు. ఆదివారం అంగడికి మా క్వార్టర్ల లైన్ల ఆడోళ్లం ఎనిమిది మందిమి ఎక్కితే, మంచిర్యాల తొవ్వల ఓపెన్‌కాస్ట్ బాయి తవ్వి పోసిన మట్టిగుట్ట మలుపు కాడికి వచ్చేసరికి ముందట నుంచి పొగ లేచేది. మేము పిండి ఉడికించే కుండల కూసున్నట్టే ఉండేది. మెకానిక్ దేవదాస్‌ను పిలిపిచ్చిండ్రు. దేవదాస్ మాటలు తక్కువ, చేతులు నలుపు.

"బండిల నీళ్లు తగ్గితే మూడే తొవ్వలమ్మా" అని నాకు చెప్పిండు. నేనే అడిగిన, ఊకె ఉంటనా. "ఒకటి, కిందికి కారుతది. రెండు, లోపల గ్యాస్కెట్ పగిలితే పొగల కలిసి తెల్లగ పోతది. మూడు, ఆయిల్ల కలుస్తది. గప్పుడు ఆయిల్ పాలచాయ్ రంగుకొస్తది."

"మనిషి లెక్కనే ఉన్నది గదయ్యా" అన్న.

ఆ పొద్దు వెతికితే రెండు దొరికినయ్. కింది రబ్బరు పైపు పగిలింది, రేడియేటర్ మూత రబ్బరు అరిగింది. కుక్కర్ గ్యాస్కెట్ పోతే విజిల్ రానట్టు, మూత గట్టిగ లేకుంటె నీళ్లు మసిలి పోతయని చెప్పిండు. రెండూ మార్చి, "ఇగ ఫికర్ లేదు. ఒట్టి నీళ్లు కాదు, గీ పచ్చ కూలెంట్ పొయ్యి" అని డబ్బా చేతుల పెట్టి పోయిండు.

ఫికర్ తీరలేదు. జీపు ఆ వచ్చే ఆదివారం గూడ మట్టిగుట్ట మలుపు కాడనే ఆగింది. ఆ మీదటి ఆదివారమూ గంతే. రెండేండ్ల సంది, వానకాలం లేదు, చలికాలం లేదు, గదే మలుపు. మేము స్వెట్టర్లు ఏసుకొని వణుకుతాంటె సదానందం బ్రేకు మీద కాలు పెట్టి, "వేడెక్కిందక్కా" అని దిగి రెండు సీసాల నీళ్లు పోస్తుండె.

దేవదాస్ మళ్ల వచ్చిండు. వాటర్ పంపు చూసిండు, ఫ్యాన్ బెల్టు చూసిండు. ఆయిల్ పుల్ల తీసి చూస్తే తేనె రంగుల ఉన్నది. పొగ చూస్తే తెలుపు లేదు. జీపు కింద పాత పేపర్లు పరిచిపిచ్చిండు, ఎక్కడ చుక్క పడ్తదో చూద్దామని. పొద్దుగాల పేపర్లు ఎండిన అప్పడాలోలె ఉన్నయ్. సదానందం మోకాళ్ల మీద కూసొని ఆ పేపర్లను ముట్టి ముట్టి చూసి, "ఏం లేదక్కా, పరేషాన్ అయితున్న" అంటాంటె నాకు పాపమనిపిచ్చేది.

దేవదాస్ పానాలు సంచిల వేసుకుంట, "అమ్మా, నేను చాన బండ్లు చూసిన. నీళ్లు తాగుకుంట, ఎక్కడ పొయ్యకుంట ఉండే బండిని చూడలే" అన్నడు.

కథ గిట్లనే నడుస్తుండె, గని అనసూర్య చెల్లె మనుమరాలికి పేరు పెట్టే పండుగ వచ్చింది. అనసూర్య అంటే సదానందం ఇంటామె. పట్టుచీర కట్టుకొని జీపుల కూసున్నది. మలుపు కాడ జీపు ఆగింది. అర్ధగంట. మంచిర్యాల చేరేసరికి మటన్ అయిపోయింది. గిన్నెల ఎసరు గూడ లేదు.

"నా సొంత చెల్లె ఇంట్ల నాకు పెరుగన్నం పెట్టిండ్రు అక్కా" అని నా దగ్గరికొచ్చి కూసున్నది. "సోమారం ఇనుప సామాన్లోడు రంజిత్ వస్తుండు. జీపును తూకానికి ఇచ్చేస్తున్న."

సదానందం వాకిట్ల జీపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. అనసూర్యకు ఎదురు చెప్పలేదు. గా చెయ్యి మాత్రం తియ్యలేదు. తిండి గూడ తినలేదట. నేను గోడ మీద నుంచి చూసిన.

జీపు పోతే మాకు అంగడి లేదు. అదట్ల పెట్టుండ్రి. రెండేండ్ల సంది నీళ్లెటు పోతున్నయో తెల్వకుంట జీపు తూకానికి పోతే, నాకు చచ్చేదాక నిద్ర పట్టదు. ఆదివారం నేను ముందటి సీట్ల కూసున్న.

ముందట కూసుంటె ఒకటి కనిపిచ్చింది. గడియారం లెక్క ఉండే వేడి ముల్లు మీద సదానందం తువ్వాల ఆరేసి ఉన్నది.

"గిది ఈడెందుకు తమ్మీ?"

"చెమటకు."

"చెమట నీకొస్తదా, ముల్లుకొస్తదా?"

"అక్కా, దాన్ని ముట్టకు, వేడి తగుల్తది."

వద్దన్నది ముట్టకుంట నేనెన్నడన్న ఉన్ననా. మలుపు కాడ ఆయన బ్రేకు తొక్కి "వేడెక్కింది" అనంగనే తువ్వాల లేపిన. ముల్లు నడిమిట్ల, మాపటి అన్నం తిని ఒరిగిన అల్లుని లెక్క సల్లగ పడుకున్నది. ఎర్రగీత ఎక్కడనో ఉన్నది.

ఎనుక ఉన్న ఆడోళ్లు సణుగుకుంట దిగిండ్రు. ఆడ సాయవ్వ చాయ్ కొట్టు. సాయవ్వ మొగడు సామ్యూల్, సదానందం బాయిల ఒక్క పంపు కాడ జోడీ, ఒక్క టిఫిన్ల తిన్నోళ్లు. సామ్యూల్ పోయినంక సాయవ్వ గీ కొట్టు పెట్టుకున్నది. ఉత్తగ ఎవ్వలు ఏమిచ్చినా తీసుకోదు. చర్చోళ్లు బియ్యం సంచి పంపితె, దాని మీద ఇంత పప్పు గూడ పెట్టి, అక్కెరున్నోళ్లకు ఇయ్యిండ్రని తిప్పి పంపింది.

సాయవ్వ ఎప్పటోలె రెండు సీసాల నీళ్లు తెచ్చి సదానందం చేతికిచ్చి, మిర్చి బజ్జీల గంజు కాడికి పోయింది. ఆయన బానెట్ లేపి దాని ఎనుక దాసుకున్నడు. నేను చాయ్ గిలాస పట్టుకొని పక్క నుంచి పోయిన.

"నువ్వు ఆడనే తాగు అక్కా, ఈడ ఆవిరి కొడ్తది."

"ఏదీ ఆవిరి? నా గిలాసల ఉన్నంత గూడ లేదు."

వంగి చూసిన. రేడియేటర్ మూత పెట్టింది పెట్టినట్టే ఉన్నది. అప్పటికప్పుడు దాని పక్కపొంటి ఒక గరాటు కట్టిండు. గరాటుకు సన్నని పైపు. పైపు టైరు పక్క నుంచి భూమి మీదికి దిగింది. సాయవ్వ తెచ్చిన నీళ్లు బుడబుడ దాన్ల నుంచి పోయి ఒక సొరపాదు మొదట్ల పడుతున్నయ్. మే నెల ఎండకు మట్టిగుట్ట అంత పెనం లెక్క ఉంటె, గా సొరతీగ ఒక్కటి పచ్చగ కొట్టు కప్పు మీదికి పాకి, కాయలు ఏలాడేసుకున్నది.

రెండేండ్ల సంది దేవదాస్‌కు దొరకని తొవ్వ గిది. నాలుగోది.

"ఎప్పటి సంది తమ్మీ?"

సదానందం సీసా వంచింది వంచినట్టే ఉన్నడు. "దేవదాస్ మూత మార్చిన సంది."

"ఎందుకు?"

"మొదలు నిజంగనే ఆగేది గదక్కా. మీరు దిగి చాయ్ తాగెటోళ్లు. కొత్త రోడ్డు పడ్డంక లారీలు గీ తొవ్వ రాకపాయె. గప్పుడే దేవదాస్ బండి బాగుజేసిండు. బండి బాగైంది, వదినె గిరాకీ ఖరాబైంది."

"ఉత్తగ ఆపితే ఏమాయె?"

"ఉత్తగ ఆపితే మీరు దిగుతరా? పోనియ్ పోనియ్ అంటరు. వదినె గూడ అడుగుతది, నాకోసం ఆపినవా అని. అవునంటే తెల్లారి కొట్టు బంద్ జేస్తది."

"మరి నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్పుడు, బాయి సైరన్ కొట్టుడు ఒకటే గదక్కా" అన్నడు.

కోపమొచ్చింది. గని మాట అబద్ధం కాదు. చాయ్ తాగిన. బజ్జీలు నాలుగు తిన్న.

సోమారం రంజిత్ ట్రాలీ ఆటో తెచ్చిండు. ఆఖరుసారి చూస్తనని దేవదాస్ వచ్చిండు. లైన్ల ఆడోళ్లందరు వచ్చిండ్రు. అనసూర్య నా దిక్కు తిరిగింది.

"అక్కా, నిన్న ముందట కూసున్నవ్. నీ కండ్లకు దొరకనిది లేదు. నీళ్లెటు పోతున్నయో చెప్పు. లేకుంటె బండి ఎత్తిస్త."

సదానందం నా దిక్కు చూడలేదు. జీపు మీద చెయ్యేసి నిలవడ్డడు. రాత్రంత మాట నా కడుపుల ఎట్ల దొర్లిందో నాకే ఎర్క. పురుటి నొప్పులు నయం.

"రోగం దొరికింది" అన్న. "బండికి కాదు, దాని వయసుకు. నా మోకాళ్లకు డాక్టర్ ఏం చెప్పిండు? సగం మెట్లెక్కినంక జర కూసోమన్నడు. గిది గూడ గంతే. మలుపు కాడ సల్లవడితే ఇంకో ఇరవయ్యేండ్లు నడుస్తది."

దేవదాస్‌కు పని మీద రోషం. "అమ్మా, గట్ల ఉండదు. నేను చూసిన, ఇంజన్ మంచిగ..."

"దేవదాస్, గా మలుపు కాడి మిర్చి బజ్జీ ఎన్నడన్న తిన్నవా?"

"తిన్న."

"మంచిగుంటదా?"

"ఉంటది."

"మళ్ల తినాలనుంటదా, ఉండదా?"

దేవదాస్ నన్ను చూసిండు. సదానందాన్ని చూసిండు. సీటు కింది నుంచి తొంగిచూస్తున్న గరాటును చూసిండు. చేతులు మెల్లగ తుడుచుకున్నడు.

"గిసొంటి ఇంజన్లు ఉంటయమ్మా" అన్నడు, రంజిత్ దిక్కు తిరిగి. "ఆపకుంట నడిపితే హెడ్డు పోతది. మలుపు కాడ పది నిమిషాలు తప్పది."

"పావుగంట" అన్నడు సదానందం.

నేను కాలు తొక్కిన.

అనసూర్య గరాటును చూసిందో లేదో నేను చెప్పలేను. కొంగు నడుముకు చెక్కుకున్నది. "ఆగితే ఆగనియ్యి. గని మటన్ ఉన్న దినం పొయ్యేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు వేడెక్కాలె" అన్నది.

"వచ్చేటప్పుడే" అని సదానందం జీపు తరఫున ఒట్టు పెట్టిండు. రంజిత్ ఉత్త ట్రాలీ తీస్కపోయిండు. పొయ్యేటోన్ని ఆపి, "నీళ్లు చూసుకున్నవా?" అని అడిగిండు గూడ.

ఆ వచ్చే ఆదివారం మలుపు కాడ జీపు ఆగింది. అందరికంటె ముందు నేనే దిగి, "అమ్మో, ఏం వేడి" అన్న. సాయవ్వ వచ్చింది. ఒక చేతిల నీళ్ల సీసా. ఇంకో చేతిల, సంకల బిడ్డ లెక్క, లేత సొరకాయ.

"పట్టు మరిదీ" అని సదానందం చేతుల పెట్టింది. "నేను ఉత్తగ తీసుకోను, ఉత్తగ ఇయ్యను. నీ బండి నీళ్లు తాగి కాసింది. నీదే."

సదానందం దాన్ని సంకల పెట్టుకున్నడు. అలవాటు ఊకుంటదా, మండచెయ్యి తీస్కపోయి సొరకాయ మీద పెట్టిండు.

సాయవ్వ నవ్వు ఆపుకుంట పొయ్యి కాడికి తిరిగింది. "ఈ వారం బండి జర ఎక్కువ వేడెక్కినట్టున్నది. ఇంకో నాలుగు చాయ్ ఎక్కువ పెట్టాల్నా?"

సాయంత్రం అనసూర్య సొరకాయ కోసుకుంట గోడ మీద నుంచి నన్ను అడిగింది, "అక్కా, ఇంత లేతది ఈయనకు ఏ అంగట్ల దొరికింది?"

మా లైన్ల సైరన్ ఆ పొద్దు మోగలేదు.

"ఇంజన్ల కాసింది చెల్లె" అన్న. "పాలు పోసి వండు."