'మన మైకు' అన్న ఓబులేసు సార్

మంటిముద్దకు ఊపిరి పోసి, తన వేళకు ఆ ఊపిరిని వెనక్కి పిలుచుకునే దేవునికి స్తోత్రం. ఆయన ఇచ్చిన దినాలకు స్తోత్రం. ఇవ్వకుండా ఆపిన దినాలకూ స్తోత్రం. ఈ చివరి మాట రాయడానికి నా చేయి మొరాయిస్తున్నది. అయినా రాస్తున్నాను.

ఓబులేసు సార్ ఇక లేరు. పోయిన నెలలో ఒకనాటి ఉదయం జమ్మలమడుగులో బస్సు దిగి బడికి నడుస్తుండగా ఆయన భార్య సుగుణమ్మ ఫోను చేసింది. "అన్నా, మీ సారు పోయినాడన్నా. కాఫీ తాగతా తాగతా గ్లాసు కింద పెట్టినాడు, అంతే" అన్నది. నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. అంతకుముందు ఆదివారమే ఆయన్ని ఒక ప్రశ్న అడిగి ఉన్నాను. జవాబు ఎగ్గొట్టడం ఆయనకు అలవాటే గానీ, ఇంతదాకా పోతారని ఎవరనుకుంటారు?

ఎరగనివారి కోసం చెప్తాను. ఆయన రాజుపాలెం దగ్గరి రైతుబిడ్డ. ప్రొద్దుటూరులో కాపురం, జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు పండితుడి ఉద్యోగం. నేను అక్కడే సాంఘికశాస్త్రం చెప్తాను. ఆయన రిటైరయ్యేదాకా ఇద్దరిదీ ఒకే బస్సు. సుగుణమ్మ మన సంఘంలో పుట్టి పెరిగిన బిడ్డ. ప్రతి ఆదివారం ఆమెను స్కూటరు మీద తెచ్చి దించి, ఆయన కూడా లోపలికి వచ్చి చెప్పుల పక్కనున్న ఆఖరి బెంచీలో కూర్చునేవారు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, పాత్ర అందించే వేళకు లేచి రోడ్డవతల టీ అంగడికి పోయేవారు. 'మీ సంఘం, మీ పాస్టరు, మీ దేవుడు' అనేవారు. ఒక్కసారి కూడా 'మన' అని నోరు జారలేదు. జారదు కూడా. వ్యాకరణం ఆయనకు ప్రాణం.

ఆ వ్యాకరణమే నా ప్రాణం తీసింది. ఎలాగంటే, ఉద్యోగం ఆఖరి రోజుల్లో ఆయనకు ఒక విదేశీ సీరియల్ పిచ్చి పట్టింది. తెలుగు డబ్బింగుతో సెల్‌ఫోన్లో వచ్చేది. దాని పేరు రాయను, రాస్తే మన సండేస్కూలు పిల్లలు వెతుక్కుంటారు. కథ ఇంతే: ఆకాశం నుంచి ఏదో జీవి దిగుతుంది. అది తాకిన మనుషులందరికీ ఒకటే మనసు, అందరి నోటా ఒకటే మాట. డబ్బింగులో దాన్ని 'తుట్టె' అన్నారు, తేనెతుట్టెలాగ. దానికి చిక్కకుండా ఒక డాక్టరమ్మ మాత్రం మిగిలి ఉంటుంది. మొదటి భాగం చివర ఆ తుట్టె, డాక్టరమ్మ తల్లి నోటితో, "మనకు ఆకలేస్తోంది" అంటుంది. తెర చీకటైపోతుంది.

ఆ ఒక్క మాట మీద ఓబులేసు సార్ మేడ కట్టారు.

"సామ్యేలూ, మేము అంటే ఏందప్పా? వినేవాణ్ని బయటపెట్టి మాట్లాడేది. మనం అంటే? వాణ్ని గూడా లోపలేసుకునేది. అన్ని ఎపిసోడ్లలో ఆ తుట్టె మేము, మేము అనింది. కడాన ఆయమ్మతో మనకు అనింది. అంటే ఆయమ్మ ఎప్పుడో దాంట్లో కలిసిపోయింది. ఆ సంగతి ఆయమ్మకే తెలీదు!"

"సార్, ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. డబ్బింగు రాసినాయన ఏదో ఒకటి రాసేసి ఉంటాడు."

"తెలుగోడు కూట్లో రాయి వస్తే మింగుతాడేమో గానీ, మేము అనేచోట మనం అనడప్పా!"

బస్సులో ముందు సీట్ల వాళ్లు తిరిగి చూసేవారు. నేను కిటికీలోంచి చూసేవాణ్ని. వారం మొత్తం ఇదే. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఇదే, మధ్యాహ్నం అన్నం ముందర ఇదే. ఆయన పాత శిష్యుడు మస్తాన్ కువైట్‌లో పనిచేస్తూ ఈ సీరియల్ అభిమానులకు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. పులివెందుల, కమలాపురం కుర్రాళ్లంతా అందులో చేరారు. సార్ సిద్ధాంతం విని మస్తాన్ ఫోను చేసి, "సార్, మీ థియరీ తెలుగు గడప దాటితే చెల్లదు సార్" అన్నాడంట. "గడప లోపల చెల్తే సాలురా" అన్నారంట ఈయన.

రెండో భాగం వచ్చినప్పుడు ఆ పాత ఘట్టాన్ని మళ్లీ చూపించారు. ఈసారి ఆ తల్లి "మాకు ఆకలేస్తోంది" అన్నది. నేను ఇంట్లో బైబిలు స్టడీ నడుపుతున్నాను. ఫోను మోగింది. "సాక్ష్యం తారుమారు చేసినారప్పా! మనకు అనేదాన్ని మాకు చేసినారు! గొంతు గూడా మార్చినారు!" స్పీకరు బటను నొక్కుకుపోయి ఆ కేకలు అందరూ విన్నారు. ఎవరి ఆస్తి తగాదానో అనుకుని ఒక అక్క అప్పటికప్పుడే ప్రార్థన మొదలుపెట్టింది.

ఇదంతా సీరియల్ వరకే అయితే సహించేవాణ్ని. ఆయన దాన్ని తెచ్చి నా విశ్వాసానికి తగిలించేవారు. "మీరంతా ఒకే శరీరం అంటారు. తుట్టె గూడా అదే అంటాంది. మీరు కలవమంటారు, అదీ కలవమంటాంది. తేడా ఏందో చెప్పు సూద్దాం" అన్నారు ఒకనాడు. నాకు ఒళ్లు మండింది. "తుట్టెలో ఎవరికీ పేరుండదు సార్. మా కాపరి ఒక్కొక్క గొర్రెనూ పేరు పెట్టి పిలుస్తాడు. తుట్టెకు ఒకడు తప్పిపోతే లెక్కలేదు. మా కాపరి ఆ ఒక్కదాని కోసం వెనక్కి పోతాడు" అన్నాను. ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. వాక్యం తగిలిందని లోపల స్తుతించుకున్నాను. దిగేటప్పుడు, "బాగుందప్పా. గ్రూపులో పెడతా" అన్నారు. పెట్టారు కూడా. కింద 'ఒక పెద్దమనిషి సెలవిచ్చినట్లు' అని రాశారు. నా పేరు లేదు! పేరు గురించి అంత మాట్లాడిన నాకు!

అయితే ఒక మాట చెప్పాలి. ప్రభువు నేర్పిన ప్రార్థన గురించి ఆయన చెప్పిన సంగతి మన బైబిలు కాలేజీల్లో కూడా ఎవరూ నాకు చెప్పలేదు. "దాంట్లో 'మా తండ్రీ' అని ఉంది, చూసినావా? 'మన' అని పెట్టింటే దేవునికి గూడా ఇంకో తండ్రి ఉండాడని అర్థమొస్తాండె. తెలుగు చేసినోడెవడో మొనగాడప్పా" అన్నారు. ఆనాటి నుంచి ఆ 'మా' అన్న మాటను నేను ఒత్తి పలుకుతున్నాను.

ఇక ఆ ఆఖరి ఆదివారం. మన గుడి మైకు సంగతి మీకు తెలుసు. ప్రసంగమంతా కీచుమన్నది. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర పాస్టరుగారు, సంఘ పెద్ద దావీదన్న, నేను నిలబడి ఉన్నాం. ఓబులేసు సార్ చెప్పులేసుకుంటూ అన్నారు: "మన మైకు మార్పియ్యండప్పా. వాక్యం ఒక్కటీ ఇనపడ్లా, కూతే ఇనపడతాంది."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. "సార్, ఏమన్నారు?"

"మైకు మార్పియ్యమన్నా."

"దాని ముందు?"

ఆయన కళ్లు మెరిశాయి. "ఓహో, నువ్వూ థియరీ కడతాండావా? కట్టు, కట్టు. ఆఖరి ఎపిసోడు దాకా ఆగాల మరి." స్కూటరు స్టార్టు చేశారు. సుగుణమ్మ వెనక ఎక్కింది. ఆ వారంలోనే ఆమె ఫోను వచ్చింది.

రాజుపాలెం నుంచి ఆయన అన్నగారు వచ్చారు, తమ చేనులో సమాధి చేస్తామని. సుగుణమ్మ ఒప్పుకోలేదు. మన సమాధుల తోటలోనే పెట్టాలి, రేపు తనను ఆయన పక్కన పెట్టాలి. ఆమె అడిగింది అదొక్కటే. తోటలో సంఘస్థులకే చోటన్న నియమం మీకు తెలుసు. పెద్దలం పాస్టరుగారి వరండాలో కూర్చున్నాం.

దావీదన్న సూటిగా అన్నాడు: "బాప్తిస్మం లేదు. బల్ల దగ్గరికి రాలేదు. ఎట్లా పెడతాం?"

నేను మైకు మాట చెప్పాను. ఆయన నోట 'మన' అంటే ఊరికే రాదని చెప్పాను.

"మైకు విశ్వాసప్రమాణమా సామ్యేలూ?"

"నేనూ విన్నాను" అన్నారు పాస్టరుగారు. "కానీ మన బస్సు, మన ఊరు అని అందరూ అంటారు గదా."

"ఆయన అనడయ్యగారూ! ఆయన తెలుగు పండితుడు!"

"పండితుడైతే రక్షణ మీద కూడా ఒక ముక్క చెప్పిపోవాల్సింది" అన్నాడు దావీదన్న.

ఎండ నెత్తికెక్కింది. అవతల శవం ఉంది, ఇవతల మేము సర్వనామం మీద వాదులాడుతున్నాం. అప్పుడు సుగుణమ్మ మెట్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆయన ఏం నమ్మినాడో ఆయన పోయి దేవుని దగ్గరనే తేల్చుకుంటాడు. మీరు దాన్ని తేల్చలేరు. నేను యాడ పండుకోవాలో అది చెప్పండి. చేనులో అయితే చేనులోనే. ఇప్పుడే చెప్పండి."

దావీదన్న కండువా దులిపి లేచాడు. గుంత తవ్వేవాళ్లను పిలిచి, "రెండిటికి జాగా చూడండప్పా, పక్కపక్కన" అన్నాడు. రాజుపాలెం అన్నగారు ఆ మాట విని, "మావోడు వారం వారం మీకాడికే వస్తాండె. ఉండనీండి" అని మొదటి పిడికెడు మన్ను తానే వేశారు.

ఇలాంటి మనిషి మళ్లీ దొరకడు. దొరికినా భరించే ఓపిక నాకు లేదు. ఆయన రిటైరైనప్పటి నుంచే బస్సులో నా పక్క సీటులో ఎవరెవరో కూర్చుంటున్నారు; ఇప్పుడు ఆయన ఫోను కూడా రాదు. ఎవరూ నన్ను ఏమీ అడగరు. ఆ నెమ్మది నాకు అసలు సయించడం లేదు.

ప్రియ పాఠకులారా, చనిపోయినవారి కోసం ప్రార్థించే ఆచారం మన సంఘంలో లేదు. అందువల్ల ఆయన కోసం ఇన్నేళ్లు చేసిన ప్రార్థనను నేను ఆపవలసి వచ్చింది. రోజూ ఆ చోటుకు వచ్చి నాలుక తడబడుతున్నది. ఆయన విషయం న్యాయంగా తీర్పు తీర్చే ప్రభువు చేతిలో ఉంది. నేను అడిగేది సుగుణమ్మ కోసం. మొన్న ఆమె నాతో అన్నది: "కడా దినాన బూర ఊది దేవుడు చచ్చినోళ్లను లేపినప్పుడు ఇద్దరం ఒక్కసారే లేస్తామన్నా. తీర్పులో ఆయన ఎటు పక్క నడుస్తాడో అదే నాకు భయం." నేను వాక్యం బోధించేవాణ్ని. ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఒక్క వాక్యం లేకపోయింది.

మీరు ఈ పత్రిక మూసేముందు నాతోకూడ తల వంచండి: ప్రభువా, నీ కుమార్తె సుగుణ భయాన్ని నీవే ఎత్తుకో. ఆ దినం వచ్చేదాకా ఆమెకు నిద్ర దయచెయ్యి. ఆమేన్.