పేరుపేరునా ప్రార్థించిన మనిషి

మా ఎదురింటి పెద్దాయన ఈ నెల మొదట్లో ఒక మంగళవారం పొద్దున పోయారు. ఆంటీ మా తలుపు కొట్టి, "మీ అంకుల్ లేవట్లేదయ్యా" అన్నారు. వెళ్లి చూసేసరికే చెయ్యి చల్లబడి ఉంది.

ఈ పరాయి దేశంలో మేముండే టూంగాబీలో చాలామందికి ఆయన బస్సు డ్రైవరుగానే తెలుసు. నాకు తెలిసింది ఇంకొకటి. చూపు తగ్గి కారు నడపడం మానేశాక, నెలనెలా ఊరి కౌన్సిల్ సమావేశానికి ఆయన్ని నేనే తీసుకెళ్లేవాణ్ణి. ఆయనకు అక్కడ అర్జీలేమీ ఉండేవి కావు. సభ్యులు చెత్తడబ్బాల మీదా పార్కింగ్ మీదా వాదులాడుకుంటుంటే, జనం కూర్చునే వరుసలో కూర్చుని, పెదవి కదపకుండా వాళ్లందరి కోసం పేరుపేరునా ప్రార్థించేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"అంకుల్, ఆ మూల కూర్చున్నాయనకి ఓటు వెయ్యలేదన్నారుగా?"

"వెయ్యలేదు. మళ్లీ కూడా వెయ్యను. అందుకే ఆయన కోసం ఇంకాస్త ఎక్కువసేపు చేస్తా."

నేను గుడికీ వెళ్లను, చర్చికీ వెళ్లను. ఆ సంగతి ఆయన ఒక్కనాడూ ఎత్తలేదు.

రెండేళ్ల కిందట, సమావేశం మొదట్లో అందరూ లేచి నిలబడి చేసే ప్రార్థనను తీసేయాలని ఒక సభ్యురాలు తీర్మానం పెట్టారు. ఆవిడకు దేవుడి మీద నమ్మకం లేదు, ఆ మాట దాచుకోరు కూడా. అంకుల్ వాళ్ల తెలుగు చర్చి కలవరపడింది. సంఘపెద్ద ఆయనే గనుక, తీర్మానం వద్దని మాట్లాడమని ఆయన్నే పంపారు. ఏం చెప్పాలో కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. ఆ సాయంత్రం ఆంటీతో సహా సంఘమంతా వచ్చి కూర్చుంది.

ఆయనకిచ్చింది మూడు నిమిషాలు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడారు. ఇంటికొచ్చి నా డైరీలో రాసిపెట్టుకున్నాను గనుక ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

"ఇన్నేళ్లుగా ఇక్కడ మీ అందరి కోసం ప్రార్థిస్తున్నాను. దానికి మీరు లేచి నిలబడాల్సిన పని లేదు. నమ్మని మనిషిని నా దేవుడి ముందు బలవంతాన నిలబెడితే, అది నా గొప్పకే గాని ఆయనకు చేరదు. తీసేయండి."

ఆ సభ్యురాలు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని ఆయన్నే చూస్తూ ఉండిపోయారు. నమ్మకం అంటే గట్టిగా పట్టుకునేది అనుకునేవాణ్ణి. అంత ధైర్యంగా గుప్పిట తెరిచిన మనిషిని అంతకు ముందు చూడలేదు.

తీర్మానం నెగ్గింది. కారులో ఆంటీ ఒక్క మాటే అన్నారు.

"మనోళ్ల ముందు తల తీసేసినట్టయింది నాకు."

మరుసటి నెలకల్లా అంకుల్ సంఘపెద్ద పదవి పోయింది. ఆదివారాలు ఆయన చర్చిలో ఆఖరి వరుసకు మారారు. ఆంటీ ముందు వరుస వదల్లేదు. ఈ రెండేళ్లూ అలాగే, ఒకే కారులో వెళ్లి వేర్వేరుగా కూర్చున్నారు.

పోయిన శనివారం ఆ చర్చిలోనే ఆయన్ని సాగనంపాం. ఆ సభ్యురాలు ఒంటరిగా వచ్చి వెనక కూర్చున్నారు. పాస్టరుగారు ప్రార్థనకు అందరినీ లేవమన్నారు. అందరం లేచాం, నేను కూడా. ఆవిడ లేవలేదు. తల వంచుకుని కూర్చునే ఉన్నారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు.

అప్పుడు ఆంటీ తన చోటు వదిలి, శవపేటిక పక్కనుంచి నెమ్మదిగా నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. ఆ సభ్యురాలి పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అయ్యేదాకా, నిలబడ్డ మా అందరి మధ్యా వాళ్లిద్దరే కూర్చుని ఉన్నారు.